అంగుళం వాన, ఒక అణుబాంబు

తుపాను వచ్చినా, భూకంపం వచ్చినా, ఎక్కడో అగ్నిపర్వతం పేలినా టీవీల్లో ఒక లెక్క తప్పకుండా వినిపిస్తుంది. ‘ఇది ఇన్ని వేల హిరోషిమా బాంబులతో సమానం’ అంటారు. వినగానే ఒళ్లు జలదరిస్తుంది. ప్రకృతి ముందు మనిషెంత, అనిపిస్తుంది. ఆ లెక్క అబద్ధమేమీ కాదు. కానీ ఒకసారి కాగితం మీద వేసి చూస్తే, అది చెప్పేదానికన్నా దాచేదే ఎక్కువని తెలుస్తుంది.

వాననే తీసుకుందాం. నీరు ఆవిరి కావడానికి ఎండ దగ్గర బోలెడంత వేడి తాగుతుంది. ఆ ఆవిరి పైకి వెళ్లి మళ్లీ చినుకుగా మారేటప్పుడు, తాగిన వేడినంతా అక్కడే వదిలేస్తుంది. లీటరు నీటికి అది సుమారు 25 లక్షల జౌళ్లు (జౌల్ అంటే శక్తికి కొలత). కిలో టీఎన్‌టీ పేలితే వచ్చేది దాదాపు 42 లక్షల జౌళ్లు. అంటే లీటరు వాన నీటి వెనక 600 గ్రాముల పేలుడు పదార్థం దాగి ఉన్నట్టు. చూరు కింద పెట్టిన పదిహేను లీటర్ల బిందె నిండిందంటే తొమ్మిది కిలోలు. ఇప్పుడు ఒక చదరపు కిలోమీటరు నేల మీద అంగుళం వాన, అంటే రెండున్నర సెంటీమీటర్లు, పడిందనుకుందాం. అది రెండున్నర కోట్ల లీటర్ల నీరు. టీఎన్‌టీలో చెప్పాలంటే పదిహేను వేల టన్నులు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పేలిన బాంబు శక్తి కూడా అంతే, 15 కిలోటన్నులు.

పాత జీహెచ్ఎంసీ పరిధి 650 చదరపు కిలోమీటర్లు. ఓ సాయంత్రం హైదరాబాద్ అంతటా అంగుళం వాన కురిస్తే నెత్తి మీద 650 హిరోషిమాలు విడుదలైనట్టే. మరి ఆ సాయంత్రం జరిగేదేమిటి? మైత్రీవనం దగ్గర మోకాళ్ల లోతు నీళ్లు, ఐటీ కారిడార్‌లో గంటల తరబడి ట్రాఫిక్ జామ్, ఏదో కాలనీలో ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మనడం. మిర్చి బజ్జీల బండి దగ్గర మాత్రం రద్దీ.

శక్తి అంతే ఉన్నా ఫలితం ఇంత వేరుగా ఉండటానికి కారణం కష్టమైనదేమీ కాదు. వాన వేడి నేలకు కిలోమీటర్ల ఎత్తున విడుదలవుతుంది, గంటల తరబడి విడుదలవుతుంది, అంత పెద్ద ఆకాశంలో పలచబడి చల్లారిపోతుంది. కింద మనిషికి చేరేది చినుకు మాత్రమే. కాబట్టి ‘ఎన్ని బాంబులు’ అన్న ప్రశ్న విధ్వంసం గురించి దాదాపు ఏమీ చెప్పదు. ఎంత చోటులో, ఎంతసేపట్లో, ఎవరి మీద అన్నవి అసలు ప్రశ్నలు.

ఈ మూడూ తెలిసి చేసిన పని హిరోషిమా. బాంబులో 64 కిలోల యురేనియం ఉంటే, అందులో విచ్ఛిత్తి చెందింది, అంటే కేంద్రకాలు చీలింది, కిలో లోపే. శక్తిగా మారిన పదార్థం గ్రాముకన్నా తక్కువ. అయినా అది సెకనులో పది లక్షల వంతు కాలంలో బయటపడింది. బాంబు నేలను తాకి పేలలేదు. నగరానికి సుమారు 600 మీటర్ల ఎత్తున పేల్చారు. నేల మీద పేలితే శక్తిలో చాలా భాగం గొయ్యి తవ్వడానికే పోతుంది. పైన పేలితే దిగువకు వచ్చిన తాకిడి, నేలను కొట్టి వెనక్కి లేచిన తాకిడి ఒకటిగా కలిసి ఎక్కువ దూరం ఇళ్లను కూలుస్తాయి. ఆ ఎత్తును ముందే లెక్కగట్టి పెట్టారు. గురి చూసింది అయోయి వంతెనకి, పైనుంచి టి అక్షరంలా స్పష్టంగా కనిపిస్తుందని. ఉదయం ఏడు దాటాక మోగిన సైరన్ తర్వాత ప్రమాదం తప్పిందన్న సంకేతం వచ్చింది, జనం పనుల్లో పడ్డారు. మంటలు వ్యాపించకుండా ఇళ్లు కూల్చి ఖాళీ జాగాలు చేసే పనిలో వేలమంది బడి పిల్లలు ఆరుబయట ఉన్నారు. 8:15కి బాంబు పేలింది. ఆ ఏడాది చివరికి చనిపోయినవారు సుమారు 1,40,000.

చదరపు కిలోమీటరు మీద పడే అంగుళం వానంత శక్తి అది. దాన్ని మనిషి తయారు చేశాడనడం కూడా పూర్తిగా నిజం కాదు. యురేనియం కేంద్రకంలో ఆ శక్తి, భూమి పుట్టకముందే ఎక్కడో నక్షత్రాలు పేలినప్పుడో, ఢీకొన్నప్పుడో చేరి కూర్చుంది. మనిషి చేసింది దాన్ని తవ్వి, శుద్ధి చేసి, ఒకచోట చేర్చి, గొళ్లెం తీయడం. గొళ్లెం తీయడం అన్న ఈ పని దగ్గరే ప్రకృతి విధ్వంసానికీ మనిషి విధ్వంసానికీ ఉన్న అసలు సంబంధం కనిపిస్తుంది.

తుపాను అనే యంత్రం

ముందు ప్రకృతి పక్షాన చెప్పాల్సింది చెప్పుకోవాలి. బాగా ఎదిగిన తుపానులో మేఘాలు కురిసేటప్పుడు వెలువడే వేడిని అమెరికా వాతావరణ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అది 600 లక్షల కోట్ల వాట్లు. ప్రపంచంలోని విద్యుత్ కేంద్రాలన్నీ కలిపి ఉత్పత్తి చేయగలిగే దానికి రెండు వందల రెట్లని అప్పట్లో పోల్చారు. బాంబుల భాషలోకి మారిస్తే సెకనుకు సుమారు పది హిరోషిమాలు, అలా రోజుల తరబడి. ఇందులో గాలిగా మారేది నాలుగు వందల్లో ఒక వంతే. ఆ ఒక్క వంతే నలభై సెకన్లకో హిరోషిమా. చెట్లను పెకలించేది, కరెంటు స్తంభాలను విల్లులా వంచేది అదే.

ఇంత లెక్క తెలిశాక కూడా తుపాను మీద అణుబాంబు వేస్తే చెదిరిపోతుంది కదా అన్న ఆలోచన మనిషికి రాకపోలేదు. 1959లో అమెరికాలో జాక్ రీడ్ అనే వాతావరణ శాస్త్రవేత్త దీన్ని నిజంగానే ప్రతిపాదించాడు. జలాంతర్గామిని తుపాను కన్ను కిందికి పంపి అక్కడ బాంబు పేల్చాలన్నది పథకం. అది కాగితం దాటలేదు. తుపాను బలమంతా దాని కన్నులో గాలి పీడనం తక్కువగా ఉండటంలో ఉంది. దాన్ని బలహీనపరచాలంటే 20 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న కన్నులోకి యాభై కోట్ల టన్నులకు పైగా గాలిని తెచ్చి నింపాలి. బాంబు తాకిడి క్షణంలో దాటిపోతుంది, వెనక పీడనం మళ్లీ ఎప్పటిలాగే. మిగిలేది రేడియోధార్మిక ధూళి. దాన్ని ఒడ్డుకు మోసుకొచ్చే పని తుపాను ఎలాగూ చేస్తుంది.

అయితే తుపానులో మనుషుల్ని ఎక్కువగా చంపేది గాలి కాదు, నీరు. చిన్న లెక్క చూస్తే చాలు. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు గోడ మీద సుమారు 190 కిలోల బరువుతో తోస్తుంది. గంటకు 18 కిలోమీటర్లు, అంటే సైకిల్ తొక్కుకుంటూ పోయేంత వేగంతో వచ్చే నీరు అదే గోడను 1,250 కిలోల బరువుతో తోస్తుంది. సైకిల్ వేగంతో వచ్చే నీరు, 200 కిలోమీటర్ల గాలికన్నా ఆరేడు రెట్లు బలమైనదన్నమాట. ఇటుక గోడ ఆగొచ్చు, ఆగకపోవచ్చు. మట్టి గోడ, తాటాకు పాక అయితే ఆగే ప్రశ్నే లేదు.

1977 నవంబరు 19, శనివారం దివిసీమలో జరిగింది ఇదే. కృష్ణా నది పాయల మధ్య, సముద్రాన్ని ఆనుకుని, చేయి చాచినంత చదునుగా ఉండే నేల అది. అయిదారు మీటర్ల ఎత్తున సముద్రం లేచి ఊళ్ల మీదికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ల పేర్లు ఆ తర్వాత రాష్ట్రమంతటికీ తెలిశాయి. తాటిచెట్టు ఎక్కగలిగినవాళ్లు మట్టలు పట్టుకుని బతికారు. పాకల్లో ఉన్నవాళ్లకు ఆ అవకాశం దొరకలేదు. అధికారిక లెక్కే పదివేలు, అంతకన్నా ఎక్కువని చెప్పే లెక్కలూ ఉన్నాయి. ఆ రోజు పేరు తుపాను కాదు, ఉప్పెన. తెలుగువాళ్లకు గాలివాన వేరు, ఉప్పెన వేరు. సరిగ్గా శాస్త్రం చేసే విభజనే ఈ మాటల్లో ముందునుంచీ ఉంది.

అయిదారు మీటర్ల నీరు ఎక్కడిది? గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. ఆ తుపాను కేంద్రంలో పీడనం 943 మిల్లీబార్లని అంచనా, అంటే మామూలుకన్నా 65 నుంచి 70 తక్కువ. ఈ లెక్కన పీడనం వల్ల లేచింది ముప్పాతిక మీటరు లోపే. మిగతాదంతా గాలి తోసుకొచ్చిన నీరు. లోతైన సముద్రంలో అయితే గాలి ఒడ్డుకు తోసిన నీరు అడుగునుంచి వెనక్కి పోతుంది. కృష్ణా ముఖద్వారం దగ్గర నది వేల ఏళ్లుగా తెచ్చి పోసిన ఒండ్రుతో సముద్రం చాలా దూరం వరకు లోతు లేకుండా ఉంటుంది. వెనక్కి పోయే దారి లేక నీరు పైకి లేస్తుంది. పంటలు పండించిన ఒండ్రే ఉప్పెనకు మెట్టయింది.

తర్వాత జరిగింది ఇంకా గమనించాల్సిన విషయం. 1990 మే నెలలో దానికన్నా బలమైన తుపాను ఇంచుమించు అదే తీరాన్ని తాకింది. ముందుగా లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. చనిపోయినవారు 967. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్ దాదాపు పదివేల మందిని పొట్టనబెట్టుకుంటే, 2013లో పైలిన్ వచ్చినప్పుడు మృతులు యాభై లోపే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరం నడినెత్తి మీదుగా వెళ్లింది. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి బోడికొండయింది, నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్ కోసం క్యూలు కట్టారు. అంత పెద్ద నగరంలో ప్రాణనష్టం మాత్రం వందకు చేరలేదు. విశాఖ దగ్గర తీరం లోతుగా ఉండి ఉప్పెన ఒకటిన్నర మీటరు దాటకపోవడం ఒక కారణం, నిజమే. కానీ తుపాను షెల్టర్లు, శాటిలైట్ చిత్రాలు, దండోరా, పోలీసుల బతిమాలింపులు, బెదిరింపులు కలిసి చేసిన పని కూడా ఉంది. తుపాను శక్తిలో పిసరంత కూడా తగ్గించలేని మనిషి, దాని కింద ఎవరూ లేకుండా చేయడం నేర్చుకున్నాడు.

సునామీ విషయంలోనూ ఇంతే. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రం అడుగున 1,300 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. పద్నాలుగు దేశాల్లో రెండు లక్షలకు పైగా చనిపోయారు. అలలు ఆంధ్ర తీరానికి చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో ఒడ్డున ఉన్నవాళ్లకు ఒక్క ఫోన్ రాలేదు, రావడానికి ఏర్పాటే లేదు. ఇప్పుడు ఆ పని చేసే కేంద్రం హైదరాబాద్‌లో, సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థలో, 2007 నుంచి నడుస్తోంది. సముద్రం లేని ఊళ్లో సునామీ హెచ్చరిక కేంద్రమేమిటని నవ్వుకునేవాళ్లున్నారు కానీ, సునామీ రాని చోటే దానికి తగిన చోటు.

కంకర క్వారీలో, బూడిద గుంటలో

ప్రకృతి నిజంగా పూర్తి బలం చూపిస్తే ఎలా ఉంటుందో చూడాలంటే హవాయి దాకా వెళ్లక్కర్లేదు. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, గోదావరి ఇవతల పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీలకు వెళితే చాలు. రోడ్లకు, శ్లాబులకు లారీల్లో పోయే ఆ నల్ల కంకర ఒకప్పటి లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ కనుమల ప్రాంతంలో నేల పగుళ్ల నుంచి పొంగి, నాటి నదీ లోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి సముద్రం దాకా వచ్చిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. భూమి మీద ఇంత దూరం పారినట్టు గుర్తించిన లావా ప్రవాహాలు మరెక్కడా లేవు. క్వారీ గోడను దగ్గరగా చూస్తే రెండు నల్లటి పొరల మధ్య తెల్లటి సున్నపురాయి పొర కనిపిస్తుంది. అందులో చిన్న చిన్న నత్తల, గవ్వల శిలాజాలు. ఒక లావా పారి చల్లారాక సముద్రం వచ్చి, దాంట్లో జీవం పుట్టి పెరిగి, ఆ తర్వాత మళ్లీ లావా వచ్చి కప్పేసింది. డైనోసార్లు అంతరించింది ఈ లావాల కాలంలోనే. మెక్సికో దగ్గర పడ్డ పది కిలోమీటర్ల గ్రహశకలం, ఈ లావాలు, రెంటిలో ఎవరి పాపం ఎంత అన్న వాదన ఇంకా తెగలేదు. ప్రపంచంలో ఇప్పుడున్న పన్నెండు వేల అణ్వాయుధాలు ఒకేసారి పేలినా, ఆ గ్రహశకలం దెబ్బలో వేల వంతుల్లో ఒక వంతుకు కూడా రావు.

నంద్యాల జిల్లాలో బనగానపల్లె, యాగంటి వైపు జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. పేరు కాకతాళీయమే కానీ, ఆ ఊరి పొలాల కింద ఉన్నది నిజంగా నిప్పు మిగిల్చినదే. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు లేచిన బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటి వచ్చి ఇక్కడ పడింది. వాన నీటితో లోయలోకి కొట్టుకొచ్చి కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందంతో పేరుకుంది. వేళ్ల మధ్య నలిపితే టాల్కం పౌడర్‌లా మెత్తగా ఉంటుంది, అయినా పట్టి చూస్తే గాజు పొడి. అందుకే గిన్నెలు తోమే పొడులకు పనికొస్తుందని తవ్వి అమ్ముకున్నారు. పురావస్తు శాస్త్రవేత్తలు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వకాలు జరిపి 2007లో ఒక విషయం ప్రకటించింది. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పొర పైనా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తరహావి. గత ఇరవై లక్షల ఏళ్లలో భూమి చూసిన అతి పెద్ద పేలుళ్లలో అదొకటి. దాని తర్వాత కూడా ఆ లోయలో మనుషులు మళ్లీ రాళ్లు చెక్కుకుంటూ కూర్చున్నారు. అదే మనుషులా, వేరే చోటి నుంచి వచ్చినవాళ్లా అన్న వాదన ఉంది కానీ, టోబాతో మానవజాతి అడుగంటిపోయిందన్న కథ మాత్రం జ్వాలాపురంలో పలచబడింది.

గొళ్లెం తీసే చేయి

మళ్లీ మనిషి దగ్గరికి. మనిషి పేల్చిన అతి పెద్ద బాంబు 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ నొవాయా జెమ్ల్యా దీవుల మీద పేల్చిన 50 మెగాటన్నుల, అంటే 5 కోట్ల టన్నుల టీఎన్‌టీ అంత, ‘జార్ బాంబా’. హిరోషిమాకు 3,300 రెట్లు. వాన లెక్కలో చెప్పాలంటే ఒక చిన్న జిల్లా అంతటా పడిన అంగుళం వాన. పెద్ద శక్తులతో పోటీ పెట్టుకుంటే మనిషి ఓడిపోతాడనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కానీ మనిషి చేసిన పెద్ద విధ్వంసాలు చాలావరకు ఈ పోటీలోకే రావు. 1945 మార్చి 9, 10 రాత్రి టోక్యో మీద అమెరికా విమానాలు వేసిన నిప్పు బాంబులు మొత్తం 1,665 టన్నులు. హిరోషిమాలో పదో వంతు మాత్రమే. చనిపోయింది మాత్రం లక్ష మంది దాకా. ఆ రాత్రి గాలి బలంగా ఉంది, ఇళ్లు చెక్కవి. బాంబులు నిప్పంటించాయి, మిగతా పని గాలి, చెక్క చేశాయి. 1984 డిసెంబరులో భోపాల్‌ది ఇంకా విచిత్రమైన లెక్క. శక్తి ప్రకారం చూస్తే అక్కడ జరిగింది దాదాపు సున్నా. ట్యాంకులోకి నీరు చేరింది, 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ వేడెక్కి బయటికి వచ్చింది, గాలికన్నా బరువైన ఆ విషం చలి రాత్రి నేల బారునే పాకింది. పేలుడు లేదు, మంట లేదు. వేలమంది నిద్రలోంచి లేచి పరిగెత్తి చనిపోయారు. మెగాటన్నుల కొలతతో భోపాల్‌ను కొలవలేం.

కోనసీమవాళ్లకు ఈ విషయం వేరే రూపంలో తెలుసు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి తవ్వుతుండగా భూమి లోపలి గ్యాస్ ఒత్తిడి డ్రిల్లింగ్‌ను తోసుకుని బయటికొచ్చి అంటుకుంది. కొబ్బరి తోటల మధ్య నిలువెత్తు మంట 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ మంటలోని ఇంధనం కోట్ల ఏళ్లుగా నేల పొరల కింద నొక్కుకుని ఉన్నదే. మనిషి పొడిచింది ఒక రంధ్రం. 1967 డిసెంబరులో మహారాష్ట్రలో కొయనా భూకంపం కూడా ఇలాంటిదే. అప్పటివరకు పెద్దగా భూకంపాలు తెలియని దక్కన్ పీఠభూమిలో, కొత్తగా నిండిన రిజర్వాయరు పక్కన 6.3 తీవ్రతతో నేల కంపించి సుమారు 180 మంది చనిపోయారు. నేల పొరల్లో ఒత్తిడి ముందునుంచే ఉంది. నీటి బరువు, పగుళ్లలోకి ఇంకిన నీరు దాన్ని సడలించాయి. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ శాస్త్రవేత్తలు ఇన్ని దశాబ్దాలుగా ఆ చోటును వదలకుండా పరిశీలిస్తున్నారు. అది ప్రకృతి భూకంపమా, మనిషి భూకంపమా అంటే, రెండు పేర్లూ సరిపోవు.

ఇలాంటి గొళ్లేలన్నిటిలోకీ పెద్దది మాత్రం చప్పుడు లేకుండా తెరుచుకుంది. ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్, మనిషి బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి వదిలేదానిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. మనిషి లెక్క ఏడాదికి 3,500 కోట్ల టన్నుల పైమాటే. అగ్నిపర్వతాన్ని మించిన పని మనిషి ఏదైనా చేశాడా అంటే ఇదే, అదీ నూరు రెట్లకు పైగా. దీని వల్ల భూమి సూర్యుడి నుంచి తీసుకునే వేడికీ, తిరిగి ఆకాశంలోకి వదిలే వేడికీ మధ్య తేడా వచ్చింది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021 నివేదిక ప్రకారం 2006 నుంచి 2018 వరకు ఆ తేడా సగటున చదరపు మీటరుకు 0.79 వాట్లు. వినడానికి నవ్వొచ్చేంత చిన్న సంఖ్య.

భూమి మొత్తం విస్తీర్ణంతో గుణిస్తే 400 లక్షల కోట్ల వాట్లు వస్తుంది. హిరోషిమాల్లో, సెకనుకు ఆరు.

పైన చెప్పుకున్న తుపాను లెక్క సెకనుకు పది. తుపాను నాలుగైదు రోజులు బతికి, ఒడ్డు తాకి చచ్చిపోతుంది. ఈ ఆరు పగలు రాత్రి, ఏడాది పొడవునా, ఏళ్ల తరబడి. ఇక్కడ కూడా శక్తి మనిషిది కాదు, సూర్యుడిది. మనిషి ఏడాదంతా వాడే కరెంటు, పెట్రోలు, బొగ్గు కలిపినా ఇందులో ఇరవయ్యో వంతే. మనిషి చేసింది దుప్పటి కప్పడం. ఆ వేడిలో నూటికి తొంభై వంతులు సముద్రంలోకి పోతోంది కాబట్టి రోజువారీ జీవితంలో ఒంటికి తెలియదు. హిరోషిమా లెక్కకు పనికొచ్చే చోటు ఏదైనా ఉందంటే ఇదే, కానీ ఇక్కడ దాన్ని వాడేవాళ్లు తక్కువ. తుపానులా దీనికి ఫుటేజ్ ఉండదు మరి. తుపాను పుట్టాలంటే సముద్రం పైపొర 26.5 డిగ్రీలు దాటాలి. బంగాళాఖాతానికి ఆ విషయంలో ఎప్పుడూ లోటు లేదు, ఇప్పుడు అసలే లేదు.

కాబట్టి ఏదైనా పెద్ద నష్టం జరిగాక పంచనామాలో ‘ప్రకృతి వైపరీత్యం’ అని ఒక్క మాట రాసి మూసేయడం అంత తేలిక కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చి హైదరాబాద్‌లో పదిహేను వేల మంది దాకా పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. అప్పటి ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టింది. నదికి ఎంత చోటు కావాలో లెక్కగట్టి ఇచ్చింది. ఆ తర్వాతి తరాలు ఆ చోటును గజాల్లో అమ్ముకున్నాయి. 2020 అక్టోబరు 13న బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడినప్పుడు చెరువు కట్టలు తెగి పాతబస్తీ వైపు కాలనీల్లో పడవలు తిరిగాయి. వాన ప్రకృతిదే. చెరువు అలుగు మీద లేచిన ఇళ్లకు ప్రకృతి పర్మిషన్ ఇవ్వలేదు.

2024 సెప్టెంబరు మొదటి వారం విజయవాడలో ఈ తేడా పక్కపక్కనే కనిపించింది. ప్రకాశం బ్యారేజీకి ఆ రోజుల్లో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, బ్యారేజీ చరిత్రలో అదే రికార్డు. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర దిమ్మెలను గుద్దాయి. గట్టు మీద నిలబడి చూసినవాళ్లకు కాళ్ల కింద నేల అదిరినట్టు ఉండేంత నీరు అది. కృష్ణలంకను రిటైనింగ్ వాల్ కాపాడింది. అంత నదీ తనకున్న దారిన సముద్రంలోకి పోయింది. ఊరిని ముంచింది కృష్ణ కాదు. దాని ముందు పిల్లకాలువలాంటి బుడమేరు. గండ్లు పడి, కొల్లేరు వైపు సాగాల్సిన దారిలో ఇళ్లు అడ్డమై, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల్లోకి తిరిగింది. మొదటి అంతస్తుల దాకా నీళ్లు నిలిచాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు మేడల మీదికి దింపారు. నీరు తీయడానికి రోజులు పట్టింది, ఎందుకంటే అది ఎటూ కదలడం లేదు, ఊరికే నిలబడి ఉంది.